ఎలుగుబంటి కట్టిన పన్ను

ఆ రోజు పొద్దున్న అక్క వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆదాయపన్ను ఆఫీసు తలుపులు తీసే వేళకి అక్కడ ఉండటం, కాగితాలు కౌంటర్లో ఇచ్చేయడం, రసీదు తీసుకుని నేరుగా కాలేజీకి పోయి రెండో క్లాసులో కూర్చోవడం. ఎవరితోనూ పెద్దగా మాట్లాడనక్కర్లేని పని. అలాంటి పనులు సాధారణంగా చెడిపోవు. కాకపోతే అక్క కాఫీ కోసం మేడ మీంచి కిందికి దిగింది. కింద బాబాయి ఉన్నాడు.

ఇంట్లో అందరూ ఆమెను అక్క అనే అంటారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆమె, ఆమె తమ్ముడు చదువుల కోసం వచ్చి బాబాయి ఇంటి మేడగదిలో ఉంటున్నారు. బాబాయి కూతురు కూడా కాలేజీ పిల్లే. కొలతలు తీసి పెట్టినట్టు ఆ పిల్లకి పొట్టిది అనే పేరు స్థిరపడిపోయింది.

అక్క పోయిన ఏడాది ఒక బొమ్మల దుకాణంలో పనికి కుదిరింది. షావుకారు నెలనెలా జీతంలోంచి పన్ను పట్టుకుని మిగతాది చేతిలో పెట్టేవాడు. చదువుకుంటూ పనిచేసేవాళ్ళ దగ్గర అలా ఎక్కువగా పట్టిన పన్ను అడిగితే తిరిగి ఇస్తారని ఈమధ్యే క్లాసులో ఒకమ్మాయి చెప్పింది. ప్రభుత్వం దగ్గరికి వెళ్ళిన డబ్బు మళ్ళీ ఇంటిదారి పట్టడమనేది ఆ ఇంట్లో ఎవరూ కనీ వినీ ఎరగని ముచ్చట. అక్కకి మాత్రం అది ముచ్చట కాదు. ఆఖరి పరీక్షల ఫీజు వచ్చే నెలాఖరులోగా కట్టాలి. కట్టలేకపోతే ఏడాది గల్లంతు. ఆ వచ్చే డబ్బు ఫీజుకి అతికినట్టు సరిపోతుంది. అడగడానికి గడువు ఆ సాయంత్రంతో ఆఖరు.

బాబాయి ఆమె చేతిలోని జీతం సర్టిఫికెట్ తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దింపి చూశాడు. ఆయన త్రాసులు బాగుచేసే మనిషి. దేన్ని చూసినా ముల్లు ఎటు మొగ్గుతోందా అని వెతకడం ఆయనకు అలవాటు.

"ఇదేంటమ్మా, నెలకింత జీతమా? పెళ్ళాంబిడ్డల్ని సాకేవాడికి కూడా ఇంత రాదే!"

"ముగ్గురం పంచుకుంటాం కదా బాబాయ్."

"అది నాకు తెలుసు. ఆఫీసువాళ్ళకి తెలుసా?"

అక్క చేతిలో కాఫీ గ్లాసు మూతి దాకా వచ్చి ఆగిపోయింది.

సంగతేమిటంటే, అక్క కుదిరింది ఎలుగుబంటి పనికి. బొమ్మల దుకాణం ముందు ఎలుగుబంటి వేషంలో నిలబడి, పిల్లలకు చేతులూపుతూ, బెలూన్లు పంచుతూ వాళ్ళను లోపలికి రప్పించాలి. పొద్దున దుకాణం తెరిచినప్పటినుంచి రాత్రి తలుపులు వేసేదాకా, వారంలో ఏడు రోజులూ ఎలుగు గుమ్మంలో ఉండాల్సిందే. చదువుకునే మనిషి ఎవరూ చేయగలిగిన పని కాదది. అందుకని ముగ్గురూ కలిసి చేశారు. పేరు అక్కది, తోలు షావుకారుది, లోపలి మనిషి మాత్రం క్లాసుల వేళల్ని బట్టి మారిపోయేవాడు. దుకాణం వెనక మెట్ల కింద చీకట్లో ఒకరు విప్పితే ఒకరు తొడుక్కునేవారు.

షావుకారు కనిపెట్టకపోవడానికి కారణం ఆయన పెట్టిన నిబంధనే. ఎలుగుబంటి మాట్లాడకూడదు. మాట్లాడితే పిల్లలు జడుసుకుంటారని ఆయన భయం. కాబట్టి ఆయన ఇన్నాళ్ళూ దానికి చెప్పడమే తప్ప, అది ఆయనకు తిరిగి చెప్పింది లేదు. ఒకరోజు పొడుగ్గా, మర్నాడు పొట్టిగా కనబడుతోందన్నది ఆయనా గమనించాడు. ఉతికినప్పుడు కుంచించుకుపోయి, ఆరాక సాగుతోందని తేల్చుకుని, లాండ్రీవాడితో రెండుసార్లు గొడవపడ్డాడు.

"పన్ను ఎవరికి వేస్తారమ్మా? మనిషికా, ఎలుగుబంటికా?" బాబాయి విచారణ మొదలుపెట్టాడు.

"మనిషికే."

"ఎలుగులో మనుషులెంతమంది?"

"ముగ్గురు."

"మరదే! ఒక్కొక్కళ్ళ వాటా విడిగా చూస్తే పన్ను పడదు. ముగ్గురి జీతం నీ ఒక్కదాని నెత్తిన వేశారు కాబట్టి పన్ను పడింది. ఉన్నమాట చెప్తేనే డబ్బొస్తుంది. చెప్పలేదనుకో, ఇంత జీతం తీసుకునేదానివి నువ్వు స్టూడెంటువేంటి పో అంటారు."

వంటింట్లోంచి పిన్ని గొంతు వినబడింది. "ఆయన మాట విని పెట్టించిన గేటు చూశావుగా అక్కా, రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. పోయేవాళ్ళ మోకాళ్ళకి తగుల్తోంది."

"గేటు సంగతి వేరు," అన్నాడు బాబాయి చొక్కా తొడుక్కుంటూ. "పద, నేనూ వస్తాను. నీకు మాట్లాడ్డం రాదు."

ఆయన చెప్పినదాంట్లో కాస్త న్యాయం కనిపించింది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆఫీసు హాల్లో కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉన్నాయి. ఒకరు లేస్తే వరసంతా ఊగుతుంది. గోడమీద ఎర్ర అంకెలు టోకెన్ నంబర్లు చూపిస్తున్నాయి. గడువు చివరి రోజు కావడంతో జనం బాగానే ఉన్నారు. అక్క వంతు వచ్చేసరికి క్లాసు పోయిందిగానీ, పని మాత్రం చకచకా సాగింది. కౌంటర్లో ఉన్నావిడ మెడలో వేలాడే కళ్ళజోడు పెట్టుకుని సర్టిఫికెట్ చూసింది, కాలేజీ కార్డు చూసింది, బ్యాంకు ఖాతా నంబరు సరిచూసింది. ముద్ర అందుకుని సిరా దిమ్మ మీద ఒత్తింది కూడా.

బాబాయి మోచేత్తో అక్క డొక్కలో పొడిచాడు.

"మేడమ్, ఒక్క నిమిషం," అంది అక్క. "అసలు నిజం ఒకటి చెప్పాలి."

ముద్ర గాల్లోనే నిలిచిపోయింది. ఆ కౌంటరు ముందు నిలబడి, ఎవరూ అడక్కుండా తనంతట తాను నిజం చెప్తానన్న మనిషి ఆవిడకి ఇంతవరకూ తగల్లేదు. ముద్ర పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"చెప్పు."

అక్క చెప్పింది. వింటున్నకొద్దీ మేడమ్ కళ్ళజోడు వెనక కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎలుగుబంటా?"

"వేషం మేడమ్."

"దాంట్లో ముగ్గురు పడతారా?"

"ఒకేసారి కాదు మేడమ్. వంతుల మీద."

"లోపల ఉక్కగా ఉండదూ?"

"చచ్చేంత ఉక్క మేడమ్."

"మరి ముక్కు దురద పెడితేనో?"

"గోడకేసి రాసుకుంటాం. పిల్లలు అది ఆట అనుకుని చప్పట్లు కొడతారు."

పక్క కౌంటరు గుమాస్తా పని ఆపి ఇటు తిరిగాడు. ఆయన ముందున్న మనిషి కూడా తన లెక్కలు మర్చిపోయి ఒక చెవి ఇటు పెట్టాడు. తల తీస్తే పిల్లలు ఏడుస్తారా, తోక ఉంటుందా, దాంతో కూర్చోవడం ఎలా అని తలా ఒకటి అడిగారు. అక్క అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. పన్ను గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపటికి మేడమ్‌కే తన ఉద్యోగం గుర్తొచ్చి గొంతు సవరించుకుంది.

"ఇది నోటిమాటతో పోయేది కాదమ్మా. నువ్వొక్కదానివే అన్నావంటే ఒక లెక్క. ముగ్గురంటే మిగతా ఇద్దరూ నా ముందుకొచ్చి చెప్పాలి. కాలేజీ కార్డులు తేవాలి. ఈరోజే."

"పిలిపించు, పిలిపించు," అన్నాడు బాబాయి ఉత్సాహంగా. "ముల్లు మధ్యకొస్తోంది."

అక్క కాలేజీలో ఉన్న పొట్టిదానికి ఫోన్ చేసింది. "ఒసేయ్, దుకాణానికి పోయి తమ్ముణ్ణి బయటికి తీసి, ఇద్దరూ ఇక్కడికి రండి. షావుకారు కంటపడకండి."

చెప్పడం తేలికే. కానీ ముందురోజు సాయంత్రమే వేషం వెనక జిప్పు ఊడిపోయింది. తమ్ముడికి ఆ రోజు క్లాసులు లేవు, రోజంతా వాడే కదా అని పొద్దున పొట్టిది వాణ్ణి లోపల పెట్టి, దబ్బనంతో, పురికొసతో మెడ దగ్గర్నుంచి నడుము దాకా కుట్టేసింది. బియ్యం బస్తా మూతి కుట్టినట్టు దిట్టంగా వచ్చింది కుట్టు. దాన్ని కోయడానికి బ్లేడు కావాలి. బ్లేడు షావుకారు గల్లాపెట్టె పక్కన ఉంది. గల్లాపెట్టె దగ్గర షావుకారున్నాడు.

పొట్టిది ఎలుగుబంటి చెవిలో ఏదో చెప్పింది. ఎలుగు ఒకసారి దుకాణం వైపు, ఒకసారి వీధి వైపు చూసి తలూపింది. తర్వాత ఇద్దరూ మామూలుగా వెళ్తున్నట్టు నడక మొదలుపెట్టారు.

పట్టపగలు ఎలుగుబంటి చేతిలో బెలూన్ల గుత్తి పట్టుకుని నడిచిపోతుంటే ఎవరూ పట్టించుకోరనుకోవడం పొట్టిదాని అమాయకత్వం. మొదటి మలుపులో ఇద్దరు పిల్లలు వెంటపడ్డారు. వాళ్ళ వెనక వాళ్ళ అమ్మలు. రెండో మలుపుకి అది ఊరేగింపయింది. బెలూన్లు ఉచితమని ఎవరో అన్నారు, ఎక్కడో కొత్త దుకాణం తెరుస్తున్నారని ఇంకెవరో అన్నారు. ఆదాయపన్ను ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి, లోపల పన్ను కట్టేవాళ్ళకి బహుమతులిస్తున్నారన్న మాట పుట్టింది. ఆ మాట నమ్మిన మనిషి ఒక్కడు కూడా ఉండకూడదు నిజానికి. పదిమంది నమ్మారు.

హాలు గుమ్మంలో వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "టోకెన్ లేకుండా హాల్లోకి పోవద్దు."

"ఎలుగుబంటికి కూడానా?" అంది పొట్టిది.

"ఎవరికైనా ఒకటే రూలు."

ఎలుగు పంజాతో గుమ్మం పక్కనున్న టోకెన్ల మిషను మీట నొక్కింది. పంజా పెద్దది కావడంతో ఐదు టోకెన్లు ఒక్కసారే వచ్చాయి. వరసలో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? "మేం పొద్దున్నుంచి కూర్చుంటే ఇదొచ్చి ఐదు తీసుకుంటుందా?" అని ఒకాయన లేచాడు. ఇనుప కడ్డీ వరసంతా ఊగింది. ఎలుగు బుద్ధిగా నాలుగు టోకెన్లు వాచ్‌మన్ చేతిలో పెట్టి, ఒకటి తను ఉంచుకుని, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. తోక అడ్డమొస్తే పక్కకి జరుపుకుంది. ఇందాక తోక గురించి అడిగిన గుమాస్తా తృప్తిగా తలాడించాడు.

అప్పుడు వచ్చాడు షావుకారు. గల్లాపెట్టె తాళంచెవి మెడలో వేలాడుతోంది, చెప్పులు రెండూ ఒకే కాలివి. "నా ఎలుగు! నా ఎలుగుని లాక్కుపోయారు!" అంటూ హాలంతా కలయజూసి, కుర్చీలో కూర్చున్న ఎలుగుని పట్టుకున్నాడు.

"ఏమ్మాయ్, దుకాణం వేళల్లో ఇక్కడేం పెత్తనం నీకు? నేనంత మంచిగా చూసుకుంటే ఇదా మర్యాద? మాట్లాడవేం?"

ఎలుగు నిబంధన ప్రకారం మాట్లాడలేదు.

"షావుకారుగారూ," అంది అక్క కౌంటరు దగ్గర్నుంచి.

ఆయన అక్కని చూశాడు. ఎలుగుని చూశాడు. మళ్ళీ అక్కని చూశాడు.

"నువ్వక్కడుంటే, మరి దీంట్లో ఎవరు?"

"మా తమ్ముడండీ."

"పొట్టిగా ఉన్నప్పుడో?"

"అది నేను బాబాయ్‌గారూ," అంది పొట్టిది, వరస కలిపితే కోపం తగ్గుతుందేమోనని.

షావుకారు ఎలుగు పక్క కుర్చీలో కూలబడ్డాడు. "అందుకా! నేనా లాండ్రీవాణ్ణి అనరాని మాటలన్నానే!"

మేడమ్ ఆయన్ని కౌంటరు దగ్గరికి పిలిచింది. "మీ దుకాణంలో ఎలుగు పని చేసింది ముగ్గురా, ఒకరా? చూసుకుని చెప్పండి. ముగ్గురైతే ముగ్గురి పేర్లూ మీరు రాసి ఉండాలి. ఇద్దర్ని పేరు లేకుండా పనిలో పెట్టుకున్నందుకు మీకు జరిమానా పడొచ్చు."

జరిమానా అనే మాట చెవిన పడగానే షావుకారుకి ఎక్కడలేని తెలివీ వచ్చింది. "ఒకరే మేడమ్! నా దగ్గరున్నది ఒక్క ఎలుగు. ఒక్క ఎలుగుకి ఒక్క మనిషి. వీళ్ళు ముగ్గురంటే నేను ముగ్గురనాలా? నేను చూశానా?"

"ఇప్పుడేగా లాండ్రీవాడన్నారు?"

"ఆ గొడవ వేరు మేడమ్."

అక్క లెక్క వేసుకుంది. షావుకారు ఒకరంటాడు, తాను ముగ్గురంది. అబద్ధం చెప్పిందని దరఖాస్తు పక్కన పడేస్తే ఫీజు లేదు, ఫీజు లేకపోతే పరీక్ష లేదు. ఆమె బాబాయి వైపు చూసింది. బాబాయి "సాక్ష్యం కావాలి" అన్నాడు, తనకు సంబంధం లేనట్టు.

సాక్ష్యం వరసలోనే కూర్చుని ఉంది. చేతిలో టోకెన్ పట్టుకుని, ఇంతసేపూ నోరు విప్పకుండా విన్న ఒక ముసలాయన నెమ్మదిగా లేచాడు. రైల్లో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి.

"నేను రోజూ సాయంత్రం ఆ దుకాణం ఎదురుగా బెంచీ మీద కూర్చుంటానమ్మా. ముగ్గురే. ఒకటి పొడుగు ఎలుగు, అది దిక్కులు చూస్తూ నిలబడుతుంది. ఒకటి పొట్టి ఎలుగు, పిల్లలకంటే అదే ఎక్కువ గెంతుతుంది. మూడోది నిలబడి నిద్రపోతుంది."

హాలు హాలంతా అక్క వైపు తిరిగింది.

"పరీక్షలప్పుడండీ," అంది అక్క తల దించుకుని.

"ఇన్నాళ్ళూ తెలిసి నాకొక్క ముక్క చెప్పలేదేమయ్యా?" షావుకారు ముసలాయన మీదికి లేచాడు.

"నేను కాలక్షేపానికి కూర్చునేవాణ్ణి బాబూ. మనుషుల ఉద్యోగాలు ఊడగొట్టడానికి కాదు."

"ఉద్యోగమా? ఇంకెక్కడి ఉద్యోగం! రేపట్నుంచి నాకు ఎలుగే వద్దు. గుమ్మంలో గంట కట్టుకుంటాను!"

ఆ మాటకి ఎలుగు దిగ్గున లేచింది. బెలూన్ల గుత్తి ఫ్యాను రెక్కకి తగిలింది. నాలుగైదు బెలూన్లు ఒకదాని వెనక ఒకటి పేలిపోయాయి. ఆ చప్పుడుకి పై అంతస్తులోంచి పెద్దాఫీసరు మెట్లు దిగి వచ్చాడు. బక్కపల్చటి మనిషి. జేబులో మూడు రంగుల పెన్నులు. ఆయన హాలు చూశాడు, పిల్లల్ని చూశాడు, నిలబడ్డ ఎలుగుని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఏమిటిది?"

"వాపసు కేసు సార్," అంది మేడమ్.

"దీనిదా?"

"దీంట్లో మూడో వంతుది సార్."

ఆయన కోప్పడతాడనే అందరూ అనుకున్నారు. ఆయన ఎలుగు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వీపు మీది పురికొస కుట్టు తాకి చూసి, "ఎవరు కుట్టారు? బాగుంది," అన్నాడు. పొట్టిది సిగ్గుపడింది. తర్వాత కథంతా మొదట్నుంచి చెప్పించుకున్నాడు. నిలబడి నిద్రపోవడం ఎలా సాధ్యమని అక్కని విడిగా అడిగి తెలుసుకున్నాడు. అన్నీ అయ్యాక, ఆ పొద్దున్నుంచి ఎవరూ చేయని పని ఒకటి చేశాడు. బల్లమీదున్న సర్టిఫికెట్ తీసి చదివాడు.

"అమ్మాయ్, పోయిన పన్ను సంవత్సరంలో నువ్వు పనిచేసింది ఎన్నాళ్ళు?"

"ఐదు నెలలు సార్. మధ్యలో చేరాం."

"ఐదు నెలల జీతమే వచ్చిందా, ఇంకెక్కడైనా పనిచేశావా?"

"లేదు సార్."

ఆయన ఎర్ర పెన్ను తీసి ఫైలు అట్ట వెనక రెండు గీతలు గీశాడు, ఒకసారి గుణించాడు. "చూడు. మీ షావుకారు ప్రతి నెలా ఆ నెల జీతాన్ని పన్నెండుతో హెచ్చవేసి, ఏడాదంతా ఇంతే సంపాదిస్తావని లెక్కగట్టి పన్ను పట్టాడు. ఆయన తప్పు లేదు, నెలనెలా పట్టే పద్ధతే అంత. కానీ నువ్వు ఏడాదంతా చేయలేదుగా? ఐదు నెలల జీతం మొత్తం నీ ఒక్కదానిదే అనుకున్నా పన్ను పడే హద్దు దాటదు. పట్టిందంతా తిరిగి నీకే రావాలి. సెలవుల్లోనో, మధ్యలోనో పనికి చేరే పిల్లలందరికీ జరిగేదే ఇది. అందుకే అడిగి తీసుకోమంటాం."

అక్క అడిగింది, "అంటే సార్, ఒక్కదాన్నే అని ఊరుకుని ఉంటే?"

"ముద్ర పడి ఉండేది," అంది మేడమ్. "సిరా కూడా అంటించాను."

హాల్లో అందరి చూపులూ మెల్లగా బాబాయి మీదికి మళ్ళాయి. బాబాయి తలెత్తి ఫ్యాను బేరింగు ఎలా తిరుగుతోందో పరీక్షగా చూస్తున్నాడు.

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముంది?" అన్నాడు కిందికి చూడకుండానే. "ఒక్కతే అని చెప్పేస్తే సరి."

అక్కకి వేరే దారి తోచలేదు. తప్పని తెలుసు, కానీ పొద్దున్నుంచి తప్పు కానివన్నీ చేసి చూసింది. "సరే సార్. ఒక్కదాన్నే."

"చూశారా!" షావుకారు చెయ్యెత్తాడు. "నేను మొదట్నుంచీ ఏమంటున్నాను? ఒకరే!"

పెద్దాఫీసరు నీలం పెన్ను తీశాడు. "అలాగా. అయితే మీరు రాసివ్వాలి షావుకారుగారూ. దుకాణం తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా, వారంలో ఒక్క రోజు కూడా సెలవు లేకుండా, ఐదు నెలలపాటు ఒకే ఆడపిల్ల చేత, ఆ తోల్లో, పని చేయించారని. నేను అది కార్మిక శాఖవారికి పంపాలి. వాళ్ళు మీ దుకాణానికి వస్తారు. వాళ్ళ జరిమానాల ముందు మావి చాలా చిన్నవి."

షావుకారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత అది నెమ్మదిగా దిగి, ఒక వేలు తమ్ముడి వైపు, ఒక వేలు పొట్టిదాని వైపు, ఒక వేలు అక్క వైపు చూపించింది.

"ముగ్గురు సార్! ముమ్మాటికీ ముగ్గురు. నా కళ్ళతో నేను చూశాను. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి నిద్ర. కావాలంటే లాండ్రీవాణ్ణి అడగండి!"

"ఏమ్మా, మరి నువ్వేమంటావ్?" పెద్దాఫీసరు అక్క వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో నవ్వుందో, లేదో ఆమెకి అర్థం కాలేదు.

"ముగ్గురమే సార్. మొదట చెప్పిందే నిజం. డబ్బు పోతుందని మాట మార్చాను. ఈరోజు దాటితే నాకు పరీక్ష ఫీజుకి ఇంకో దారి లేదు."

"పోవడమెందుకు? ఒకరైతేనే పన్ను పడని జీతం ముగ్గురికి పంచితే ఎక్కడ పడుతుంది? ఎటు చూసినా సున్నాయే. కాకపోతే దరఖాస్తు ఒకటి కాదు, మూడు కావాలి. షావుకారుగారు మూడు సర్టిఫికెట్లు ఇచ్చి, పేర్లు ఆలస్యంగా రాస్తున్నట్టు ఒప్పుకుంటే జరిమానా గురించి నేను చూస్తాను. అన్నీ కౌంటరు మూసేలోపు అందాలి. మూడు వారాల్లో ఎవరి ఖాతాలోకి వాళ్ళకి వచ్చేస్తుంది."

షావుకారు అంత వేగంగా పరిగెత్తడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. రెండు ఎడమకాలి చెప్పులతో అయితే అసలే చూసి ఉండరు. తిరిగొచ్చేటప్పుడు చంకలో దుకాణం కాగితాలు, చేతిలో ముద్ర, చొక్కా జేబులో బ్లేడు. సర్టిఫికెట్లు అక్కడే కుర్చీ మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని రాశాడు. పక్కనుంచి మేడమ్ చెప్తుంటే తప్పులు దిద్దుకున్నాడు. వెంట వచ్చిన పిల్లలు ఆయన చుట్టూ గుండ్రంగా కూర్చుని చూశారు. ఎలుగు కంటే ఆయనే బాగున్నాడని వాళ్ళ ఉద్దేశం.

సంతకం దగ్గర మళ్ళీ పని ఆగింది. పంజాలో పెన్ను నిలవడం లేదు. వేలిముద్ర తీసుకోవచ్చా అని గుమాస్తా అడిగితే, ఆ వేలికి సరిపడే సిరా దిమ్మ ఆఫీసులో లేదంది మేడమ్. చివరికి పొట్టిది బ్లేడు తీసుకుని పురికొస కుట్లు ఒక్కొక్కటీ తెంపింది. తల ఊడి వచ్చింది. లోపల్నుంచి తమ్ముడు, బావిలోంచి చేదిన చేదలా నీళ్ళు కారుతూ, నడుము దాకా బయటపడ్డాడు. పిల్లలెవరైనా ఏడుస్తారేమోనని అందరూ చూశారు. ఒక్కరూ ఏడవలేదు. "మేం ముందే చెప్పాంగా, పొడుగన్నయ్యే," అనుకున్నారు.

పొద్దున్నుంచి మూసుకున్న నోరు తెరిచి తమ్ముడు అన్న మొదటి మాట, "అక్కా, నా ఖాతాలో పడేది నాదేనా?"

అక్క కళ్ళెర్రజేసింది.

"మాటవరసకి అడిగానే! ఫీజు కట్టెయ్. ఏమైనా మిగిలితే ఒక జిప్పు కొందాం."

"నాది కూడా తీసుకో అక్కా," అంది పొట్టిది. "కానీ నువ్వు పాసవ్వాలి. మళ్ళీ ఏడాది నేను కుట్టలేను."

"పాసవుతుందిలే," అన్నాడు షావుకారు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "కానీ అమ్మాయ్, రేపు దుకాణానికి రావాల్సిందెవరో ఇప్పుడే చెప్పండి. ముగ్గురి పేర్లూ రాసుకున్నాను. జీతం మాత్రం ఒక్క ఎలుగుదే, ముందే చెప్తున్నా. వారానికో రోజు సెలవు కూడా ఎలుగుకే."

"గుమ్మంలో గంట కడతానన్నారు?"

"గంట బెలూన్లు పంచుతుందా?"

కౌంటరు మూసే వేళయింది. మేడమ్ మూడు దరఖాస్తులూ వరసగా పేర్చుకుని, అన్ని గడులూ నిండాయో లేదో చూసుకుంటూ, వృత్తి అన్న గడి దగ్గర ఆగింది. మూడు చోట్లా 'విద్యార్థి' అని రాసింది. పెన్ను మూత పెట్టబోయి, కాసేపు ఆలోచించి, మళ్ళీ మూత తీసి, ఒక్కోదాని పక్కనా 'మూడో వంతు ఎలుగుబంటి' అని చేర్చి, ముద్ర వేసింది.